పళ్ళెం ఐటం

అప్పుడు నాకు 14 ఏళ్లు. విజయనగరంలో కూచిపూడి పోటీ. ఒక్కొక్కరికి 6 నిమిషాలు. ఏ ఐటం చెయ్యాలన్న దగ్గరే ఇంట్లో గొడవ మొదలైంది.

మా టీచరుగారు భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువు చెయ్యమన్నారు. "నీ బలం కళ్లలో ఉందమ్మా" అన్నారు. నాన్న, నేను తరంగమే కావాలన్నాం. అందులో ఇత్తడి పళ్ళెం అంచు మీద ఎక్కితే చాలు, జనం చప్పట్లు ఆపరు. నాయనమ్మ మాత్రం, "ఏటే గుంటా, కంచం మీదెక్కి గెంతుతావేటి?" అంది.

తరంగం పూర్తిగా చేస్తే పావుగంట పడుతుంది. నారాయణ తీర్థుల 'కృష్ణలీలా తరంగిణి' సంస్కృతంలో ఉంటుంది. ముందు ఆ సాహిత్యానికి అభినయం, తర్వాత పళ్ళెం. 6 నిమిషాలకు కుదించాల్సి వచ్చేసరికి మేం అభినయమే కోసేశాం. పళ్ళెం, జతులు మిగిలాయి.

ఆమదాలవలసలో మా డాబా మీద రెండు నెలలు సాధన చేశాను. అంచును వేళ్లతో బిగబట్టి, బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మారుస్తూ పళ్ళేన్ని జరపాలి. పోటీ పది రోజులుందనగా బొటనవేలి కింద చర్మం చిట్లింది. పసుపు అద్దుకున్నాను. టీచరుగారికి చెప్పలేదు.

పోటీ రోజు పొద్దున్న శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కాం. మా ఊరి స్టేషన్ పేరు అదే. పళ్ళేన్ని దుప్పట్లో చుట్టి నాన్న ఒళ్లో పెట్టుకున్నాడు.

అక్కడ స్టేజీ నిండా తివాచీ పరిచారు. డాబా గచ్చు మీద జారిన పళ్ళెం దాని మీద కదల్లేదు. ఒక్కసారి గట్టిగా తోశాను. పళ్ళెం లేచిపోయింది. ఎడమ చెయ్యి మీద పడ్డాను. మణికట్టులో చిటుక్కుమంది.

పాట ఆగలేదు. ఇంకా రెండు నిమిషాలుంది, అన్నీ జతులే. లేచాను. మళ్లీ ఎక్కే ధైర్యం లేదు. ముఖంలో చూపించడానికా, కృష్ణుడి కథంతా మేమే కోసేశాం. ఒంటిచేత్తో నాలుగు అడుగులు వేసి దిగిపోయాను.

ఆరు వారాలు కట్టు. ఆ రోజుల్లోనే టీచరుగారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దరువు నేర్పారు. సత్యభామ పొగరు కళ్లలో, మెడలో రావాలన్నారు. రెండు వారాలదాకా రాలేదు.

మరుసటేడు అదే చేశాను. బహుమతి రాలేదు. మధ్యలో ఒక అడుగు తప్పింది గాని, సత్యభామ నడకలో కలిసిపోయింది.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలూ ముందు పళ్ళెమే అడుగుతారు. కాదనను. స్టేజీ మీద ఏం పరుస్తారో కనుక్కు రమ్మంటాను. తర్వాత, పళ్ళెం లేకుండా ఆ పాట ఒకసారి చేసి చూపించమంటాను.