పాట మనది, ప్రాసెసర్ ఏది?



"మీరు మన పాటలు రికార్డు చేస్తున్నారు కదా, కంప్యూటర్‌లో ఏ ప్రాసెసర్ తీసుకున్నారు?" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేం నలుగురం స్కాలర్‌షిప్ డబ్బులు, సెలవుల్లో చేసిన కూలి డబ్బులు కలిపి కొన్నాం. షాపాయన "ఆడియో పనికి ఐ9 ఉండాల్సిందే" అన్నాడు. మేం తొందరపడలేదు. ముందు లెక్క తెలుసుకున్నాం.

కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా తీసుకుంటుంది. ఆ ముక్క సైజునే బఫర్ సైజు అంటారు. సెకనుకు 48,000 శాంపిళ్లు అనుకుంటే, 128 శాంపిళ్ల బఫర్‌కు దొరికే టైం సుమారు 2.7 మిల్లీసెకన్లే. ఆలోపు ప్రాసెసర్ పని ముగించాలి. లేదంటే పాటలో చిటపటలు వస్తాయి. 512 పెడితే 10.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి గానీ, కీబోర్డు నొక్కాక శబ్దం ఆలస్యంగా వినిపిస్తుంది. డోలు దరువుతో కలిసి వాయించడం కష్టం.

ఒక ట్రాక్ మీద పెట్టిన ఎఫెక్టులు ఒకదాని తర్వాత ఒకటి నడవాలి. అందుకే ఆ భారం ఎక్కువగా ఒకే కోర్ మీద పడుతుంది. ఒక్క బస్తాను పదిమంది మోయలేరు కదా, ఎత్తినవాడి బలమే లెక్క. కాబట్టి ముందు ఒక్కో కోర్ వేగం చూడండి, తర్వాతే కోర్ల సంఖ్య. పలుచటి ల్యాప్‌టాప్‌లు వేడెక్కితే వేగం తగ్గించుకుంటాయి.

మేం డెస్క్‌టాప్‌లో ఐ5-12400 తీసుకున్నాం. 6 కోర్లు. రైజెన్ 5 5600 కూడా 6 కోర్లదే, బాగానే ఉంటుంది. కానీ దానిలో గ్రాఫిక్స్ లేదు, కార్డు విడిగా కొనాలి. 16 జీబీ ర్యామ్ వేశాం. ఇంకో మాట: చిటపటలు వస్తే వెంటనే ప్రాసెసర్‌ను తిట్టకండి. ఆసియో డ్రైవర్ వేసుకోండి, పవర్ సెట్టింగ్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, ఒకసారి వైఫై ఆపి చూడండి.

ఊళ్లో పెద్దల పాట రికార్డు చేయడానికైతే పాత ల్యాప్‌టాప్ చాలు. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ ఆన్ చేస్తే పాడేవాళ్ల గొంతు కంప్యూటర్ దాకా పోకుండానే హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. ఆలస్యం ఉండదు.

ఐ9కి పెట్టకుండా మిగిలిన డబ్బుతో రెండు మైకులు కొన్నాం. 2024 ఒక్క ఏడాదిలోనే కోయ కథాగాయకుడు సకిని రామచంద్రయ్య గారు, గుస్సాడీ కనకరాజు గారు, ఇద్దరు పద్మశ్రీలు వెళ్లిపోయారు. మీ గూడెంలో పాడే తాతో అవ్వో ఉంటే, మంచి కంప్యూటర్ వచ్చేదాకా ఆగకండి. ఈ సెలవుల్లోనే వెళ్లి అడగండి. మైకులు కావాలంటే మా దగ్గరున్నాయి, తీసుకెళ్లండి.