మామిడిమానులోని పురుగు

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలో ప్రత్తి, మిరప పండించు రైతునకు పురుగుతో పోరు క్రొత్తది కాదు. మందుకొట్టు యంత్రమును వీపున తగిలించుకొని తెల్లవారుజాముననే చేనికి పోవు మనుష్యులను చూడనిదే మాకు కార్తికమాసము గడవదు. ఆకును తినునది, రసమును పీల్చునది, కాయను తొలుచునది, ఏ పురుగైనను దానిమీద మందు చల్లవలెననియే మావారి నమ్మకము. ఆ నమ్మకమునకు లొంగని పురుగు ఒకటి కలదు. అది చెట్టు మానులో కాపురముండును.

పర్చూరు చేరువనున్న మా పల్లెలో, మిరపచేని గట్టున ఒక మామిడిచెట్టు కలదు. నల్లరేగడి మామిడికి అంతగా అచ్చివచ్చు నేల కాదు. అయినను మా తాతగారు ఉలవపాడునుండి అంటు తెచ్చి, పెద్ద గొయ్యి త్రవ్వించి, ఎఱ్ఱమట్టి బండ్లకొలది తోలించి దానిని పెంచిరట. మిరపపండ్లు కోయు దినములలో కూలికి వచ్చిన స్త్రీలు ఆ నీడనే అన్నము తిని, చంటిబిడ్డలకు ఆ కొమ్మకే ఉయ్యెల కట్టెడివారు. ఆ చుట్టుప్రక్కల మఱియొక నీడ లేదు.

1984లో మా జిల్లాల ప్రత్తిపై తెల్లదోమ విరుచుకుపడినది. అది ఆకు అడుగున చేరి రసము పీల్చి తేనెవంటి జిగటను విడుచును. దానిపై నల్లని బూజు పట్టును. కాయతొలుచు పురుగునకై క్రొత్తగా వచ్చిన మందులను లెక్కలేక చల్లుటచే, దోమను తినెడి మేలుచేయు పురుగులు నశించుటయు ఆ విపత్తునకొక కారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. మా యింట ఆ యేడు అప్పు మాత్రమే మిగిలినది. వేసవి వచ్చుసరికి మామిడిచెట్టు తూర్పుకొమ్మ ఆకులు వాడి ఎండిపోయినవి. ఎట్లు తెలిసెనో కాని, కట్టెల వ్యాపారి వచ్చి కూర్చుండెను.

“అన్నయ్యా, కొమ్మ పోయినది. మాను కూడ పోకమునుపే అమ్మినచో వడ్డీకైనను వచ్చును గదా” అని మా నాయన అనెను.

పెదనాన్న బదులు చెప్పక చెట్టు చుట్టును తిరిగి, మొదట రాలియున్న పొట్టును వ్రేళ్లతో నలిపి చూచెను. అది రంపముతో కోసినప్పుడు రాలు పొట్టువంటిది. “లోపల పురుగున్నదిరా తమ్ముడూ. ఒక్క యేడు ఆగుము” అనెను.

మామిడిమానును తొలుచునది ఒక పెంకుపురుగు పిల్ల. తల్లి రెండంగుళముల పొడవుండును. బూడిదవన్నె దేహము, పొడవైన మీసములు, మెడపై రెండు గులాబివన్నె మచ్చలు. అది బెరడు పగుళ్లలోను, గాయములలోను గ్రుడ్లు పెట్టును. పిల్ల బెరడును తొలిచి లోనికి చొచ్చి, నెలల తరబడి కొయ్యను తినుచు సొరంగములు చేయును. వేళ్లు పంపిన నీరు పైకి పోవు దారి తెగిపోవును. బయట చల్లిన మందు ఆ సొరంగపు కొసకు చేరునా?

మరునాడు పెదనాన్న పాత సైకిలు చువ్వ కొసను కొక్కెముగా వంచెను. ఉలితో రంధ్రమును కొంచెము వెడల్పు చేసి, చువ్వను దూర్చి, మెల్లగా త్రిప్పి లాగెను. చూపుడువ్రేలికంటె లావైన తెల్లని పురుగు, నల్లని తలతో, వెలికి వచ్చినది. మేము పిల్లలము కేకలు వేసితిమి. పదునొకండు రంధ్రములలో ఏడింటినుండి పురుగులు వచ్చినవి. తక్కినవానిలో కిరసనాయిలులో తడిపిన ప్రత్తిని కుక్కి, బంకమట్టితో మూసివేసెను. చేతికి రాని పంటలో ఆ పిడికెడు ప్రత్తి మాత్రము అక్కరకు వచ్చినది. ఎండిన కొమ్మను కోయించి కాల్చివేసెను. ఉంచినచో అందులోని పురుగులు రెక్కలు వచ్చి వెలువడును.

కోసిన చోట బోర్డో ముద్ద పూసిరి. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు రైతులు, బాటసారులు ద్రాక్షపండ్లు కోసికొనకుండుటకై బాటప్రక్క తీగలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లెడివారు. ఆ తీగలకు బూజుతెగులు సోకకపోవుటను మిలార్డే అను వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించి 1885లో లోకమునకు తెలిపెను. దొంగలకై పుట్టిన మందు తెగుళ్లకు పనికివచ్చుట నాకు ఎంతో ముచ్చటగా తోచును. ముద్దకు కిలో మైలుతుత్తము, కిలో సున్నము, పది లీటర్ల నీరు. ఇనుపపాత్ర పనికిరాదు, మట్టికుండ కావలెను. శుభ్రమైన కత్తిని అందులో ముంచినప్పుడు దానిపై రాగివన్నె పట్టినచో సున్నము చాలలేదని అర్థము. హిమాలయ ప్రాంతముల ఆపిలుతోటలలోను చెట్ల మొదళ్లకు ఇట్టి పూతలు పూయుదురు.

ఆనాటినుండి ఆ మానునకు ఎద్దులను కట్టుటకు వీలులేదని పెదనాన్న ఆజ్ఞ. పలుపు ఒరసిన చోట బెరడు గాయపడును. గాయమే పురుగునకు వాకిలి. మేకు కొట్టిన పాలేరును, పేరు చెక్కబోయిన మా అన్నను ఒకే తీరున మందలించెను. వడ్రంగిపిట్ట వచ్చి మానును పొడిచినప్పుడు మాత్రము, “దానిని తోలకుడు. అది నాకంటె పనిమంతురాలు” అనెడివాడు.

కట్టెల వ్యాపారి మరుసటి వేసవిలోను వచ్చెను. చెట్టున ఒక బుట్టెడు కాయలుండెను. అవి అప్పు తీర్చునన్ని కావు. అప్పు తీరుటకు మఱి నాలుగేండ్లు పట్టినది. వ్యాపారి రెండు కాయలు తిని పోయెను.

పెదనాన్న ఇప్పుడు లేడు. ఏటేట తొలకరికి ముందు ఆయన కుమారుడు ఆ చువ్వనే పట్టుకొని చెట్టు చుట్టును తిరుగును. నిరుడు రెండు చోట్ల పొట్టు కనబడినది. ఒక రంధ్రమునుండి పురుగు వచ్చినది, రెండవది వట్టిదే.