గాడి సైటా, దుర్భిణా? తుపాకీ గురి గురించి మా నలుగురి మాట



పోయిన వారం ఒక తమ్ముడు అడిగాడు, "రైఫిల్ మీద దుర్భిణి పెట్టుకుంటే గురి తొందరగా వస్తుందా అన్నా?" అని. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఈ పొడుగు పోస్టు. మేం నలుగురం పాడేరు వైపు గూడేల నుంచి వచ్చి విశాఖలో డిగ్రీ చదువుతున్నాం. ఇద్దరం ఎన్‌సీసీలో ఉన్నాం. ఊరి కుర్రాళ్లందరం తలా కొంత వేసుకుని కొన్న ఎయిర్ రైఫిల్ ఒకటి ఉంది, 0.177 బోరు, స్ప్రింగుది. సంక్రాంతి ఆటల చందాలో నాలుగు వేల చిల్లర మిగిలింది. దాంతో స్కోపు కొనాలా వద్దా అని మాలో మాకే పెద్ద గొడవైంది.

ముందు సైటు సంగతి (ఇళ్ల స్థలం కాదు లెండి). మామూలు రైఫిల్‌కి వెనక ఒక గాడి, ముందు ఒక మొన. కన్ను, గాడి, మొన, టార్గెట్టు నాలుగూ ఒకే గీతలోకి రావాలి. చిక్కేమిటంటే మన కన్ను ఒకేసారి మూడు దూరాలని స్పష్టంగా చూడలేదు. దేన్నో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఎన్‌సీసీ ఫైరింగులో ఉస్తాద్ "ఫోర్‌సైట్ టిప్ చూడు, టిప్ చూడు" అని గొంతు చించుకునేది ఇందుకే. మొన పదునుగా కనపడాలి, టార్గెట్టు కొంచెం మసకైనా పర్లేదు. కొత్తోళ్లకి ఇది అస్సలు మింగుడు పడదు. కొట్టాల్సినదాన్ని మసగ్గా వదిలేసి తుపాకీని చూడమంటాడేంటి అనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. గాడికీ మొనకీ మధ్య అర మీటరు ఉందనుకుందాం. గాడిలో మొన 1 మిల్లీమీటరు పక్కకి తప్పితే, 10 మీటర్ల దగ్గర గుండు 20 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అదే మొన గాడిలో సరిగ్గా కుదిరి ఉండి, మన వణుకుకి రైఫిల్ మొత్తం తిన్నగా 1 మిల్లీమీటరు జరిగితే గుండు కూడా 1 మిల్లీమీటరే జరుగుతుంది. పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్టు మొత్తం వెడల్పే 45.5 మిల్లీమీటర్లు, మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అంటే మొన తప్పితే పది పడాల్సింది ఏ రెండో మూడో పడుతుంది.

దుర్భిణిలో ఈ బాధ లేదు. ప్లస్ గీతలూ టార్గెట్టూ ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాయి, గీత పెట్టి నొక్కడమే. అందుకే మా బావ ఒకడు స్కోపే కావాలని పట్టుబట్టాడు. సరే, చూద్దామని తెలిసినోళ్ల దగ్గర ఒకటి అడిగి తెచ్చి బిగించాం.

మొదటి రోజే బావ కేక పెట్టాడు. "ఏటిరా ఇది, గీతలు ఇలా ఊగిపోతన్నాయి!" ఊగేది గీతలు కాదు, వాడి చేతులు. అంతకుముందూ ఊగేవి, కనపడేవి కాదంతే. దుర్భిణి టార్గెట్టుతో పాటు మన వణుకునీ పెద్దది చేసి చూపిస్తుంది. అది చూసి భయపడి, గీత చుక్క మీదికి వచ్చిన క్షణంలో ట్రిగ్గర్‌ని లాగేస్తాం. అలా లాగితే గుండు ఎటో పోతుంది. ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం రానివాడికి స్కోపు కొత్త చెడ్డ అలవాటు నేర్పిస్తుందని అప్పుడు అర్థమైంది.

ఇంకో రెండు సంగతులు కొనేముందు తెలుసుకోండి. పెద్ద రైఫిళ్ల స్కోపులు చాలావరకు 100 గజాల దూరానికి కుదిర్చి ఉంటాయి. 10 మీటర్లకి బొమ్మ మసకబారుతుంది, కన్ను కాస్త జరిపితే గీత కూడా జరిగినట్టు ఉంటుంది. రెండోది, స్ప్రింగు రైఫిల్ వెనక్కి తన్ని మళ్లీ ముందుకి కూడా తంతుంది. ఆ రెండు దెబ్బలకీ తట్టుకునేలా చేయని స్కోపు కొన్నాళ్లకే లోపల పాడైపోతుంది. మాకు దొరికే ధరలో ఈ రెండూ ఉన్నది కనపళ్లేదు.

కానీ స్కోపు వల్ల ఒక మేలు జరిగింది. మాలో చిన్నోడు గాడి సైటుతో ఎప్పుడూ కాగితం అంతా చిల్లులు పెట్టేవాడు. "నువ్వు పనికిరావురా గుంటడా" అని ఊళ్లో పెద్దోళ్లు నవ్వేవారు. స్కోపు ఇస్తే అయిదు గుళ్లూ రూపాయి బిళ్లంత చోట కొట్టాడు! అందరం నోళ్లు వెళ్లబెట్టాం. స్కోపు వెనక కన్నుకి తగ్గట్టు తిప్పుకునే రింగు ఉంటుంది, వాడు దాన్ని చివరిదాకా తిప్పేశాడు. ఏరియా ఆస్పత్రిలో కళ్లు చూపిస్తే దూరపు చూపు బాగా తక్కువని తేలింది. పదో తరగతి దాకా బోర్డు మీద రాసింది పక్కోడి నోటుబుక్కులో చూసి ఎక్కించుకునేవాడట. ఇన్నేళ్లలో ఏ బళ్లోనూ ఒక్కరూ వాడి కళ్లు చూడలేదు.

మరి వాడికోసమైనా స్కోపు కొనొచ్చు కదా అంటారా? ఆ మాటే బావ అన్నాడు. ఇక్కడ రూల్సు అడ్డం వస్తాయి. ఒలింపిక్సులో రైఫిల్ పోటీలకి సైటులో భూతద్దం ఉండకూడదు. 2008లో అభినవ్ బింద్రా బంగారం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, రెండూ చిల్లులోంచి చూసి కొట్టినవే. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోవచ్చు. విలువిద్యలోనూ అంతే, రికర్వ్ విల్లుకి సైటు ఉండొచ్చు గానీ దానికి భూతద్దం ఉండకూడదు. అంటే చిన్నోడికి కావాల్సింది తుపాకీ మీద అద్దం కాదు, ముక్కు మీద అద్దం.

ఒక్క మాట మాత్రం మాకు నచ్చదు. బయటోళ్లు వచ్చి "మీకు సైట్లెందుకు, గురి మీ రక్తంలోనే ఉంది" అంటారు. పొగడ్తలాగే ఉంటుంది, కానీ దాని వెనకే "ఇక మీకు కోచ్ ఎందుకు, గుళ్లు ఎందుకు" అనేది వస్తుంది. మా తాతలకి గురి పుట్టుకతో రాలేదు, చిన్నప్పటి నుంచీ రోజూ విల్లు పట్టారు. ఫిన్లాండ్‌లో సిమో హైహా అని ఒక రైతు 1939-40 చలికాలం యుద్ధంలో దుర్భిణి లేకుండానే పేరు మోసిన స్నైపర్. స్కోపు పెడితే తల పైకి లేపాలి, అద్దం ఎండకి మెరుస్తుంది, చలికి ఆవిరి పడుతుంది, ఇవీ కారణాలు. ఆయన యుద్ధానికి ముందు ఏళ్ల తరబడి పోటీల్లో కొట్టినవాడని మాత్రం ఎవరూ చెప్పరు.

అలాగని స్కోపు చెడ్డదని కాదు. దూరానికి, మసక వెలుతురుకి, వయసు మీదపడిన కళ్లకి దాన్ని మించింది లేదు. అమెరికా మెరైన్ దళం 2000లలోనే సైనికుల రైఫిళ్ల మీద 4 రెట్లు పెద్దగా చూపే ఆప్టిక్ వాడడం మొదలుపెట్టింది. సైన్యంలోకి వెళ్లే తమ్ముళ్లు రేపు అదీ నేర్చుకోవాల్సిందే. ముందు గాడి, తర్వాత అద్దం అనేదే మా వాదన. బావ ఇంకా ఒప్పుకోలేదు.

చివరికి నాలుగు వేలలో ఒక పీప్ సైటు, చిన్నోడి కళ్లద్దాలు, మిగిలినదానికి గుళ్ల డబ్బాలు తీసుకున్నాం. స్కోపు తిరిగిచ్చేశాం.

వేటకి ఏది మంచిదని మాత్రం ఎవరూ ఇన్‌బాక్స్‌లోకి రావద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. రైఫిల్ బయటికి తీస్తే కవర్లో పెట్టి, రసీదు జేబులో ఉంచుకోండి. మన ఏజెన్సీలో భుజాన ఆ ఆకారం కనపడితే ఎవరేం అనుకుంటారో మీకు చెప్పక్కర్లేదు.

రెండో శనివారం ఊరికి వెళ్తున్నాం. నేర్చుకుంటామనే తమ్ముళ్లూ చెల్లెళ్లూ కింద పేరు రాయండి. బోర్డు సరిగ్గా కనపడనోళ్లు అంతకుముందే కళ్లు చూపించుకుని రండి.