చేతిపనియు పెట్టుబడియు

చేతిపనివానికి ధనము రెండు సమయములందు కావలసివచ్చును. పని మొదలుపెట్టుటకు ముందొకసారి. పని ముగిసిన పిమ్మట మరియొకసారి. మొదటిది నూలుకు, రంగునకు, కఱ్ఱకు, మట్టికి. ఈ అవసరము అందరికిని తెలిసినదే. రెండవది అంత సులభముగా కంటికి కనబడదు. వస్తువు తయారై, కొనువాడు ఇంకను రాని దినములలో ఇంటిపొయ్యి వెలుగుటకు కావలసిన ధనమది. ఆ కొద్దిదినములు ఓపిక పట్టగలిగినవాడు తన వస్తువునకు తానే వెల చెప్పును; పట్టలేనివాడు ఎదుటివాడు చెప్పిన వెలకు తల యొగ్గును. పనితనమందు ఇరువురును సమానులే కావచ్చును. వారి బ్రదుకులలోని భేదమంతయు ఈ వేచియుండు శక్తిలోనే కలదు.

కళావృత్తులకు ధనసాహాయ్యము చేయుటను గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల ఎంత ధనము అను ప్రశ్నయే ముందుగా వినబడును. ఎప్పుడు, ఎంతకాలము, ఏ షరతుపై అను ప్రశ్నలు వెనుకబడును. కాని భారతదేశమునను, ఇరుగుపొరుగు దేశములందును నూరేండ్లుగా జరిగిన ప్రయత్నములలో కొన్నింటిని పరిశీలించినచో, మొత్తముకంటె ఈ మూడు ప్రశ్నలే పనివాని భవితవ్యమును నిర్ణయించినట్లు తోచును.

1976వ సంవత్సరమున, బంగ్లాదేశములోని చిట్టగాంగు విశ్వవిద్యాలయమునకు చేరువనున్న జోబ్రా గ్రామములో, అర్థశాస్త్రాచార్యుడైన మహమ్మద్ యూనుస్ వెదురుపీటలు అల్లుచున్న యొక స్త్రీతో మాటాడెను. ఆమె వ్రేళ్ల నేర్పునకు కొఱత లేదు. వెదురు కొనుటకు కావలసిన ఐదు టాకాలు మాత్రము ఆమెయొద్ద లేవు. ఆ సొమ్ము అప్పిచ్చిన వర్తకుడే సాయంకాలమునకు పీటలను తీసికొనును. వాని వెలను అతడే నిర్ణయించును. దినమంతయు శ్రమించినందులకు ఆమెకు మిగులునది అర్ధటాకా. అట్టివారు ఆ యూర నెందరు కలరో లెక్క తీయింపగా 42 మంది తేలిరి. వారందరి యప్పును కలిపినను 856 టాకాలే. యూనుస్ ఆ మొత్తమును తన సొంతసొమ్ములోనుండి ఇచ్చెను. 1983లో గ్రామీణ బాంకుగా స్థిరపడిన ప్రయత్నమునకు ఇదియే మూలము. ఇక్కడ గమనింపవలసినది అప్పు యొక్క పరిమాణము కాదు. ఆ ఐదు టాకాలు ఆమె పీటలను ఒక్క కొనుగోలుదారునికే కట్టివేసినవి. ఆ కట్టు తెగినప్పుడు ఆమె తన పనికి తాను యజమానురాలైనది.

అయినను ఋణమే సకలరోగములకు మందని ఈ కథనుండి తలచుట సరికాదు. విడిపించు త్రాడే బిగించునదియు కావచ్చును. ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణసంస్థలు విరివిగా వ్యాపించిన పిదప, ఒకే కుటుంబము పలుచోట్ల అప్పుపడుట, వసూలునకై ఒత్తిడులు చేయుట, ఆత్మహత్యల వార్తలు వచ్చుట జరిగినవి. 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వారపు కిస్తీలకు బదులు నెలసరి వసూళ్లను మాత్రమే అనుమతించెను. వారమునకొకసారి సొమ్ము కట్టవలెననిన, వారమునకొకసారి సొమ్ము రావలెను. కూరగాయలు అమ్మువారికి అది వచ్చునేమో. చేతిపనివానికి రాదు.

ఎందుకు రాదో తెలియవలెనన్న శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రము సిద్ధమగు తీరును చూడవలెను. నేతబట్టను కరక్కాయపొడియు పాలును కలిపిన నీటిలో ముంచి ఆరవేయవలెను. నల్లరంగునకై ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములతరబడి పులియనీయవలెను. వెదురుకలముతో గీతలు గీసి, పటికనీరు పూసి, ఎఱ్ఱరంగులో ఉడికించి, పాఱునీటిలో ఉతికి, ఎండనిచ్చి, తక్కిన రంగులను ఒకదాని తరువాత ఒకటిగా ఎక్కింపవలెను. వాన పట్టినచో పని నిలుచును. పోచంపల్లి నేతగాని పనియు ఇంతే. నూలును కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, నమూనా అంతయు దారముమీదనే తీర్చిన తరువాత గాని అది మగ్గమెక్కదు. ఈ దినములలో ఏ యొక్కదానిని తగ్గించినను తగ్గునది పని కాదు, వస్తువు. తొందరపెట్టు ధనము కలంకారీకి బదులు అచ్చుబట్టను, కట్టునేతకు బదులు దాని బొమ్మను పుట్టించును.

ఓపికగల ధనమునకు ఉదాహరణము శ్రీనికేతనము. 1922లో రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమునకు పొరుగుననున్న సురూలు గ్రామమున గ్రామపునర్నిర్మాణకేంద్రమును స్థాపించినపుడు, దాని భారమును వహించినవాడు ఇంగ్లీషువాడైన లెనార్డ్ ఎల్మ్‌హర్‌స్ట్. ధనమిచ్చినది అమెరికా దేశస్థురాలైన డొరొతీ స్ట్రెయిట్. 1925లో వారిరువురును వివాహమాడి ఇంగ్లండున స్థిరపడిన తరువాతను ఆ సాయము పెక్కేండ్లు సాగినది. ఆ నీడలోనే నేత, తోలుపని, బాటిక్, మట్టిపాత్రల పని అచట వేళ్లూనుకొన్నవి. శాంతినికేతనపు తోలువస్తువులు ఇప్పటికిని ఆ పేరుతోనే అమ్ముడుపోవుచున్నవి. మొదటి యేటి చివరనే లాభమెంతయని ఆ దాత అడిగియుండినచో ఆ పనులలో ఎన్ని నిలిచియుండెడివో చెప్పలేము.

ఓపికయే చాలదు, కొనువాడును కావలెను. ఈ సంగతిని స్వతంత్రభారతమున అందరికంటె స్పష్టముగా గ్రహించినవారు కమలాదేవీ చట్టోపాధ్యాయ. దేశవిభజనానంతరము 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్‌ను నెలకొల్పి, నిరాశ్రయులై వచ్చినవారి పునరావాసమునకు ఆమె పాటుపడిరి. 1952లో అఖిలభారత హస్తకళలబోర్డు ఏర్పడగా దాని అధ్యక్షతను వహించిరి. న్యూఢిల్లీలోని కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణము ఆ యూనియన్ చేతికి వచ్చెను. పనివానికి దానము చేయుటకంటె అతని వస్తువును తగిన వెలకు కొనుట మేలని, శిక్షణమును విక్రయమును కలిసియే నడువవలెనని ఆమె కార్యక్రమము చాటినది. శ్రీకాళహస్తిలో కలంకారీ చేయువారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మిగిలియుండగా, 1950ల చివర అచట శిక్షణకేంద్రము ఏర్పడుటకు ఆమె చొరవయే కారణము. జొన్నలగడ్డ లక్ష్మయ్య అచట గురువైరి. చిన్నవారికి నేర్చుకొను కాలమున పూట గడచుటకు వలసిన ధనము, నేర్చిన పిమ్మట వస్తువునకు త్రోవ, ఈ రెండును ఉన్నందుననే ఆ విద్య మరియొక తరమునకు దాటినది.

బంగ్లాదేశమున 1978లో వెలసిన ఆరంగ్ అను విక్రయసంస్థ ఈ త్రోవను మరికొంత ముందునకు సాగించినది. ఫజ్లే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ సంస్థ మాణిక్‌గంజ్ ప్రాంతపు స్త్రీలకు పట్టుపని నేర్పినది. వారి వస్తువులను ఢాకా అంగళ్లు తీసికొన్నవి గాని, అమ్ముడైన పిమ్మట గాని సొమ్ము చెల్లింపవు. అందుకు నెలలు పట్టును. ఆ నెలలు ఎవరు మోయవలెను? పనిచేసిన స్త్రీలు మోయజాలరు. ఆరంగ్ ఆ భారమును తాను వహించి, వస్తువు అందిన దినముననే వెల చెల్లించు పద్ధతిని పెట్టినది. సాయమనదగిన సాయమిది. దీనిలో దయాదాక్షిణ్యముల ప్రసక్తి లేదు. వేచియుండగలవాడు వేచియుండుట, వేచియుండలేనివానికి వెంటనే చెల్లించుట, ఇంతే.

ఇట్లు ఎల్లకాలము ఆదుకొనినచో పనివారు సోమరులగుదురనియు, సంతలో నిలువజాలని వస్తువు నశించుటయే న్యాయమనియు వాదించువారు కలరు. ఆ వాదమున కొంత సత్యము లేకపోలేదు. రాయితీ కొరకే నేసి, గిడ్డంగులలో మురుగబెట్టిన గుడ్డ ఎవరికిని మేలు చేయదు. కాని పెద్దమిల్లులు సరకు కొని, నేసి, అమ్మి, సొమ్ము రాబట్టుకొనునంతవరకు నడచునది బాంకులిచ్చు నిర్వహణ మూలధనముతోనే. దానిని భిక్షమని ఎవరును అనరు. మిల్లునకు వ్యాపారమర్యాద యైనది మగ్గమునకు ముష్టి యెట్లగును?

ధనము పెరిగినకొలది పని పెరుగవలెననుటయు సాహసమే. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడుకఱ్ఱతో చేయబడును. ఆ కఱ్ఱ మెత్తనిది, తరిణెపై చక్కగా తిరుగును. సి.వి. రాజు మొదలగువారి కృషివలన విత్తనములు, వేళ్లు, బెరడు, ఆకులనుండి తీసిన రంగులు ఆ బొమ్మలకు మరల వచ్చినవి. 2017లో భౌగోళికసూచిక గుర్తింపును లభించినది. ఇప్పుడు ఎవరైన దాత తరిణెల సంఖ్యను రెట్టింపు చేసి, అంకుడుచెట్లను నాటుటకు ఒక్క రూపాయియు ఇయ్యడనుకొందము. కొన్నేండ్లపాటు బొమ్మలు రెట్టింపగును. పిమ్మట కఱ్ఱ ఉండదు. నిలుకడగల అభివృద్ధి యనగా లెక్కలపుస్తకమున చెట్టునకును ఒక పుట ఉండుట.

కమలాదేవి నడిపిన హస్తకళలబోర్డును, చేనేతబోర్డును 2020లో ప్రభుత్వము రద్దు చేసినది. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున కుమ్మరి, వడ్రంగి, కమ్మరి, బొమ్మలు చేయువారు మొదలగు 18 వృత్తులవారికి పనిముట్లకై 15,000 రూపాయలును, నూటికి ఐదు వడ్డీపై పూచీ లేకుండ మొదట ఒక లక్ష, పిదప రెండు లక్షల రూపాయల ఋణమును ఏర్పాటైనవి. మొదటి ఋణము 18 నెలలలో తీర్పవలెను. వడ్డివ్యాపారి గడపకంటె ఇది ఎంతయో మేలు. కాని ఋణము ఇచ్చుటతో పథకము ముగియదు. పదునెనిమిది నెలలలో కుమ్మరికి ఒక వానకాలము, కొన్నిచోట్ల రెండును వచ్చును. ఆ నెలలలో ఆవము కాలదు. కిస్తీ ఆగదు. ఆ నెలల కిస్తీని ఎండకాలమునకు మార్చుట ఖజానాకు పెద్దనష్టము కాదు. కుమ్మరికి అది సారెను నిలుపుకొనుటయో, అమ్ముకొనుటయో తేల్చు విషయము.

కావున ధనమిచ్చువారు ముందుగా పనివాని పంచాంగమును తెలిసికొనవలెను. ఏ నెల రంగు ఆరును, ఏ నెల కఱ్ఱ కోయదగును, ఏ పండుగకు సంత కూడును, ఏ నెల ఇంట గింజలుండవు అను సంగతులు ఏ కచేరీ కాగితములలోను దొరకవు. అవి పనివారి నోటనే యున్నవి. వారినడిగి వ్రాసిన షరతులు చిన్నమొత్తమును కూడ పెద్దసాయముగా మార్చును. అడుగక వ్రాసిన షరతులతో ఎంత ధనమిచ్చినను, అది పనివాని చేతిమీదుగా నడచి, కిస్తీల రూపమున వచ్చిన త్రోవనే తిరిగిపోవును.