18 గ్రాముల పని

మదనపల్లె బెంగుళూరు బస్టాండు చుట్టుపక్కల కాఫీపొడి అమ్ముకుని బతికేవాళ్ళలో నేనొకణ్ణి. పీబెర్రీ, ప్లాంటేషన్ ఏ, రోబస్టా చెర్రీ గింజలు విడివిడిగా వేయించి, అడిగిన పాళ్ళలో కలిపి పొడి పట్టి, చివర్న చికోరీ కలిపి పొట్లం కడతాం. 80:20 చాలనేవాళ్ళు కొందరు, 60:40 లేకపోతే డికాషన్‌కు రంగే రాదనేవాళ్ళు ఇంకొందరు. కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన ఉంది కాబట్టి చికోరీకీ ఒక గీత ఉంది. ప్యాకెట్ కాఫీల్లో కొన్ని ఆ గీత పక్కనే కూర్చుంటాయి. మా అంగట్లో అంత దూరం పోం.

కరోనా కాలం నుంచి దీనికి తోడు ఇంకో పని వచ్చి చేరింది. బెంగుళూరు నుంచి ల్యాప్‌టాప్‌లతో ఇళ్ళకు తిరిగొచ్చిన పిల్లలు ఎస్ప్రెసో మిషన్లు తెచ్చుకున్నారు. మిషన్ వెంట గ్రైండర్ వచ్చింది. పిల్లలు కొందరు మళ్ళీ ఆఫీసులకు వెళ్ళిపోయినా, సామాను ఇక్కడే ఉంది. గింజ ఇరుక్కున్నా, పొడి తీరు మారినా నా దగ్గరికే వస్తారు. మదనపల్లెవి అంగడికే వస్తాయి. పుంగనూరు, కుప్పం వాళ్ళ ఇళ్ళకు నేనే వెళతాను. అదే మేలు, ఎందుకంటే గ్రైండర్‌ను అది నడిచే చోటే చూడాలి. ఆ ఇంటి కరెంటు, ఆ ఇంటి గింజలు, ఆ ఇంటి మిషన్ లేకుండా నా బల్ల మీద తిప్పి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి.

కొనబోయేవాళ్ళు మొదట అడిగేది వేగం గురించే. "అన్నా, ఏది తొందరగా పడుతుంది?"

తొందరే కావాలంటే ఇంట్లో మిక్సీ ఉంది. నిమిషానికి 18,000 చుట్లు తిరిగే బ్లేడు ముందు ఏ గ్రైండరూ నిలవదు. కానీ మిక్సీ గింజను నరుకుతుంది, నూరదు. జారులో సగం ధూళి, సగం పలుకులు. ఫిల్టర్‌లో అయితే దానితోనూ ఎలాగో నెట్టుకురావచ్చు, ఎస్ప్రెసోలో కుదరదు. అందుకే పళ్ళచక్రాలున్న గ్రైండర్ కావాలి, దాన్నే ఇప్పుడు బర్ గ్రైండర్ అంటున్నారు. రెండు చక్రాల నడుమ సందు ఎంతుంటే గింజ అంతకు చితికి బయటపడుతుంది. చక్రాలు బల్లపరుపుగా ఉండే రకం ఒకటి, ఒకదానిలో ఒకటి దిగే శంకు ఆకారం రకం ఇంకొకటి.

డీఎఫ్64 లాంటి గ్రైండర్‌లో 64 మిల్లీమీటర్ల బల్లపరుపు చక్రాలు నిమిషానికి 1400 చుట్ల దగ్గర తిరుగుతాయి. బాగా వేయించిన గింజలైతే ఎస్ప్రెసోకు ఒకసారికి వేసే 18 గ్రాములు పది సెకన్ల చుట్టుపక్కల అయిపోతాయి. నిష్ జీరోలో 63 మిల్లీమీటర్ల శంకు చక్రాలు 330 చుట్లే తిరుగుతాయి, కాబట్టి అది ఇంకొంచెం తీరిగ్గా పడుతుంది. మంచి చేతి గ్రైండర్‌కు నిమిషం దాకా పడుతుంది, గింజ గట్టిదైతే భుజానికి తెలుస్తుంది కూడా. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అరకు అరబికా తెప్పించుకునేవాళ్ళు మా వైపూ పెరిగారు. దాన్ని తక్కువ వేయించి తాగడం ఇప్పటి పద్ధతి. తక్కువ వేగిన గింజ రాయి. నల్లగా వేగిన గింజ తాకగానే విరుగుతుంది. ఒకే గ్రైండర్ ఈ రెండింటికీ వేర్వేరు టైం చూపిస్తుంది కాబట్టి, గింజ పేరు చెప్పకుండా సెకన్లు చెప్పేవాడి లెక్క నేను పట్టించుకోను.

వేగంగా తిరిగితే వేడెక్కి వాసన పోతుందనే భయం ఒకటుంది. అది నాబోటివాడికి ఉండాల్సిన భయం. మా మిషన్ పొద్దంతా కేజీలకు కేజీలు పడుతుంది, మధ్యాహ్నానికి దాని మూతి మీద చెయ్యి పెట్టలేం. ఇంట్లో 18 గ్రాములకు ఆ పరిస్థితి రాదు. నెమ్మదిగా తిరిగేదే మంచిదని ఎక్కువ డబ్బు పెట్టేవాళ్ళకు ఇదే చెబుతాను.

పొడి చూసే నా పద్ధతి పాతదే. తెల్ల కాగితం మీద చిటికెడు పోసి బొటనవేలితో ఒక్కసారి పరుస్తాను. మంచి పొడి వేలికింద ఒకే తీరుగా సాగుతుంది. చక్రాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురు లేకపోతే అక్కడక్కడా పలుకు తగులుతుంది. వేలెత్తి చూస్తే వేలి గీతల్లోకి మెత్తటి ధూళి దిగి ఉంటుంది. అనుమానమొస్తే రెండు సన్న జల్లెడలు తీస్తాను. పైదాంట్లో నిలిచిందీ, కిందిదాంట్లోంచి రాలిందీ విడివిడిగా తూస్తాను. ధూళి అసలే ఉండకూడదనుకుంటారు గానీ అదీ సరికాదు. ఎస్ప్రెసోలో 9 బార్ల ఒత్తిడితో దూసుకొచ్చే నీళ్ళకు కొంత అడ్డుపడాలంటే ఆ మెత్తదనం కావాలి.

ఆపైన మిషన్ చెప్పాల్సిందే. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25, 30 సెకన్ల మధ్య దిగితే సరి. 15లోనే దిగితే నీళ్ళగా, పుల్లగా ఉంటుంది. నలభై దాటితే నోరంతా చేదు. పొడి ఎగుడుదిగుడుగా ఉంటే నీళ్ళు ఒక పక్క దారి చేసుకుని పారతాయి, అప్పుడు ఒకే గుక్కలో పులుపూ చేదూ రెండూ తగులుతాయి. మెత్తగా పడితే సారం ఎక్కువ దిగుతుందనుకుని చక్రాలు బిగిస్తూ పోయేవాళ్ళు చాలామంది. హద్దు దాటి బిగిస్తే పొడి కొన్నిచోట్ల అడ్డుకట్టుకుపోయి, దిగాల్సిన సారమే తగ్గుతుంది. 2020లో 'మ్యాటర్' పత్రికలో అచ్చయిన ఒక పరిశోధన కూడా ఇదే తేల్చింది.

ఇంతకీ నేను గ్రైండర్‌ను పొగిడేదీ తిట్టేదీ ఒక్క విషయం మీదనే. నిన్న ఇచ్చిన పొడిని ఇవాళ మళ్ళీ ఇస్తుందా?

ఇందులో సందు మార్చే మర పాత్ర పెద్దది. చేతి గ్రైండర్లలో కమాండాంటే సి40ని ఒక క్లిక్ తిప్పితే చక్రం 30 మైక్రాన్ల దాకా కదులుతుంది. జె-అల్ట్రాలో ఒక క్లిక్ 8 మైక్రాన్లే. ఫిల్టర్ కాఫీకి 30 మైక్రాన్లు లెక్కలోకి రావు. ఎస్ప్రెసోలో మాత్రం ఒక్క క్లిక్‌తో కాఫీ పరుగెత్తుతుంది, ఇంకో క్లిక్‌తో బొట్టు బొట్టుగా ఆగిపోతుంది. కావాల్సింది ఆ రెండింటి మధ్యన ఉంటుంది, అక్కడ ఆగడానికి చోటుండదు. లోపల మిగిలిపోయే పొడి ఇంకో తలనొప్పి. గ్రాము పొడి చక్రాల సందుల్లో నిలిచిపోతే, మరుసటి పొద్దున కప్పులో పడేది నిన్నటి వాసన పోయిన గ్రాము. పది సెకన్లలో పొడి పట్టి, రెండు నిమిషాలు బ్రష్షుతో గోకించుకునే గ్రైండర్ వేగమైనదెలా అవుతుంది?

పుంగనూరులో ఒకాయన గ్రైండర్ సాయంత్రాలు మొరాయిస్తుందని పిలిచాడు. "పొద్దున బాగనే ఉండాదన్నా, దీపాలు పెట్టే వేళకు మూలుగుతాంది." ఇల్లు లైను చివర్న ఉంది. వోల్టేజీ పడిపోగానే మోటారు బలం తగ్గి, గట్టి గింజ దగ్గర ఆగిపోతోంది. గ్రైండర్‌లో లోపమేమీ లేదు. స్టెబిలైజర్ పెట్టించాను, గింజలు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా వెయ్యమన్నాను. డీసీ మోటారు, దానికి మంచి పవర్ బోర్డు ఉన్న గ్రైండర్లకు ఈ బాధ తక్కువ. ఇలాంటి సంగతి ఏ పెట్టె మీదా రాసి ఉండదు. 

చలికాలం వస్తే ఇంకో ఫిర్యాదు మొదలవుతుంది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తు, గాలి పొడిబారుతుంది. పొడి ఎగిరి గ్రైండర్ మూతికీ చొక్కాకూ అంటుకుంటుంది. వేసే ముందు గింజల మీద ఒక చుక్క నీళ్ళు చిలకరించి కలిపితే చాలా మటుకు తగ్గుతుంది. గింజలకు నీళ్ళేంటని నవ్వినవాళ్ళున్నారు. 2023లో ఒరెగాన్ విశ్వవిద్యాలయం కాఫీ శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెండన్, అగ్నిపర్వతాల బూడిదలో పుట్టే విద్యుత్తును చదివే పరిశోధకులతో కలిసి దీన్ని పరీక్షించాడు. గింజల్లో తేమ పెరిగితే స్థిరవిద్యుత్తు తగ్గుతుందని, పొడి ఉండకట్టడమూ తగ్గుతుందని తేలింది. చుక్క అంటే చుక్కే. గుక్కెడు పోస్తే చక్రాలు తుప్పు పడతాయి.

కుప్పంలో ఒక ఇంట్లో కొడుకు ఎస్ప్రెసో, తండ్రి ఫిల్టర్ కాఫీ. ఆ ఊళ్ళో ఒక్క వాక్యంలో తెలుగూ తమిళమూ కన్నడమూ దొర్లినట్టే ఆ వంటింట్లో ఒక్క గ్రైండర్‌తో రెండు కాఫీలూ నడుస్తున్నాయి. తండ్రికి బరక పొడి కోసం చక్రాలు వదులు చేస్తే, కొడుకు మళ్ళీ తన చోటు వెతుక్కోవడానికి రెండు మూడు కప్పులు పారబోస్తున్నాడు. ఒకరోజు పెద్దాయన ఇదంతా ఎందుకని అంగడి నుంచి తెచ్చుకున్న 70:30 పొడిని కొడుకు మిషన్‌లోనే వేశాడు. చికోరీ నీళ్ళు తగలగానే కరిగి బంకలా పట్టేసింది, బొట్టు దిగలేదు. నేను వెళ్ళేసరికి కొడుకు మిషన్‌లో పొడి వేసే బుట్ట కడుగుతున్నాడు. పెద్దాయన నాకు కొడుకు కాఫీ చూపించి, "ఇది కాఫీనా నాయనా, కషాయం మాదిరి ఉండాదే" అన్నాడు.

గ్రైండర్ విప్పి శుభ్రం చేశాను. చక్రాలు రెండూ ఒరుసుకుని సన్నగా కీచుమనే చోట మార్కర్‌తో గీత గీశాను. అక్కణ్ణుంచి ఎంత వెనక్కి తిప్పితే ఎస్ప్రెసోయో అక్కడ ఇంకో గీత. తర్వాత అన్నాను, "పెద్దాయన పొడి నేను మదనపల్లె నుంచి పట్టి పంపిస్తాను. ఈ గ్రైండర్‌ను ఈ గీత మీదనుంచి కదిలించొద్దు." కొడుకు కొత్తగా ఇంకో పెద్ద గ్రైండర్ చూసిపెట్టుకున్నాడట, ఫోనులో బొమ్మ చూపించాడు. ఐదు సెకన్లలో పడుతుందట.

"పాలు పోసుకుని తాగుతావా, ఉత్తదే తాగుతావా?" అని అడిగాను.

"పాలతోనేన్నా, ఎక్కువగా."

"అయితే ఆ డబ్బు గింజలకు పెట్టు" అన్నాను. పెద్దాయన లోపలికి వెళ్ళి నాకు ఫిల్టర్ కాఫీ తెచ్చాడు.