నమూనా కారు కిట్టు: ఎంచుకునే ముందు కన్నునూ చేతినీ చూసుకోండి

పదవీ విరమణ చేసినవారు నన్ను అడిగే ప్రశ్నలలో మందులకు సంబంధించనిది ఒకటుంది. “డాక్టరు గారూ, పొద్దు గడవడం లేదు, ఏం చేయమంటారు?” నడక, తోటపని, పుస్తకపఠనం అందరూ చెప్పేవే. ఇటీవల వరంగల్లు, హనుమకొండలలోని నా పరిచితులు కొందరు మరొక వ్యాపకాన్ని చేపట్టారు. అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్ళి వచ్చేటప్పుడు, ప్లాస్టిక్ భాగాలను జోడించి తయారు చేసుకునే చిన్న కార్ల కిట్లను తెచ్చుకుంటున్నారు. నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరంలో పిల్లలున్నవారు అక్కడ 2010లో తెరచిన నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌ను చూసి, పాత పందెపు కార్లపై మక్కువతో తిరిగి వస్తున్నారు. ఇది మంచి వ్యాపకమే. అయితే పెట్టె మీది బొమ్మను చూసి కాక, మీ కన్నునూ చేతినీ చూసుకుని కిట్టును ఎంచుకోవాలన్నది నా మనవి.

స్టాక్ కారు అంటే

దుకాణంలో అందరూ కొనే కారునే పందేనికి దింపితే అది స్టాక్ కారు. నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడింది. ఇటువంటి కార్లకే పరిమితమైన తొలి పందెం 1949 జూన్ 19న షార్లెట్‌లోనే జరిగింది. మన దక్షిణాదిలోనూ మద్రాసు దగ్గర షోలవరంలో, పాత విమానాల రన్‌వే మీద, ఫియట్, అంబాసిడర్ వంటి కార్లను సవరించి పరుగెత్తించేవారు. ప్రభుత్వ వైద్యులుగా అంబాసిడర్లలో, జీపులలో పల్లెలు తిరిగిన మా తరానికి ఆ కార్ల మీద అభిమానం ఉండడం సహజం.

1951, 1952, 1953 సంవత్సరాలలో నాస్కార్ విజేతలైన హెర్బ్ థామస్, టిమ్ ఫ్లాక్ పేర్లతో ముడిపడిన కారు హడ్సన్ హార్నెట్. నేలకు దగ్గరగా ఉండే దాని నిర్మాణం మలుపులలో దానికి నిలకడనిచ్చింది. మరొకటి 1970 నాటి ప్లిమత్ సూపర్‌బర్డ్. కోసుగా ఉన్న ముక్కు, వెనుక ఎత్తైన రెక్క దాని గుర్తులు. కిట్ల దృష్ట్యా వీటి మధ్య ఒక భేదం ఉంది. తొలినాటి కారులో మార్పులు తక్కువ, అంకెలు, పేర్లు తక్కువ. కాలం గడిచినకొద్దీ లోపల ఉక్కు గొట్టాల పంజరం పెరిగింది, పైన ప్రకటనల పేర్లు పెరిగాయి. కిట్టులో ఆ గొట్టాలన్నీ అగ్గిపుల్లకన్నా సన్నని ముక్కలు. కనుక వయసు మీరిన చేతికి సాధారణంగా పాత కారే సులువు.

కన్ను

నలభై దాటిన తరువాత కంటిలోని కటకము మృదుత్వాన్ని కోల్పోతుంది. దగ్గరి వస్తువులు మసకబారుతాయి. దానికి తోడు కంటిపాప చిన్నదై, కటకము పసుపుబారి, అరవై ఏళ్ళ కంటి లోపలికి ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతు వెలుగే చేరుతుంది. కాబట్టి పరిమాణమే మొదటి నిర్ణయం.

హడ్సన్ హార్నెట్ పొడవు సుమారు 5.3 మీటర్లు. 1/25 నమూనాలో అది 21 సెంటీమీటర్లు, 1/43లో 12 సెంటీమీటర్లు, 1/64లో 8 సెంటీమీటర్లు. 43 సెంటీమీటర్ల స్టీరింగు చక్రం 1/25లో అర్ధరూపాయి బిళ్ళకన్నా కొంచెం చిన్నదిగా ఉంటే, 1/43లో చొక్కా గుండీ అంత అవుతుంది. అరవై దాటినవారు 1/24 లేదా 1/25 తీసుకోవడం మేలు. ఈ రెండూ ఒకటి కావు. ఒకదాని చక్రం మరొకదానికి సరిపోకపోవచ్చు. భూతద్దం బిగించిన దీపం ఒకటి పక్కన పెట్టుకోండి.

మా పరిచయంలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ముచ్చటపడి 1/43 కిట్టు ఒకటి తెప్పించుకున్నారు. రెండు వారాలు కుస్తీపట్టి, పెట్టెను అటక మీద పడేసి, “ఇక ఈ చేతులు పనికిరావు” అని తీర్మానించుకున్నారు. క్రమంగా పత్రిక చదవడం, స్నేహితుల ఇళ్ళకు పోవడం కూడా మానుకున్నారు. ఇంట్లోవారు దిగులు జబ్బేమోనని నా దగ్గరకు తీసుకువచ్చారు. చేతులు స్థిరంగానే ఉన్నాయి. కాని దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయన్నారు, ఎండలో చూపు చెదురుతోందన్నారు. కంటి వైద్యుని వద్దకు పంపితే రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని తేలింది. శస్త్రచికిత్సల తరువాత కొత్త కళ్ళజోడుతో ఆయన 1/24 కారు ఒకటి రెండు నెలలలో పూర్తి చేశారు. పనికిరానిది కిట్టు, కనిపించనివి కళ్ళు. ఆయన నింద వేసుకున్నది మాత్రం తన వయసు మీద. ఎందరో పెద్దలు ఇలాగే ఒక్కొక్క పనిని మానుకుంటూ పోతారు. అందుకే ఇంత వివరంగా వ్రాస్తున్నాను.

చేయి

వస్తువును అందుకునేటప్పుడు, పట్టుకున్నప్పుడు చేయి వణికితే అది చాలాసార్లు కుటుంబాలలో వచ్చే సాధారణ కంపము. ఒడిలో ఊరక పెట్టుకున్న చేయి వణికితే పార్కిన్సన్ వ్యాధి ఉందేమో చూడాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తంలో చక్కెర పడిపోయినా, ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ వల్లనైనా, కాఫీ మితిమీరినా వణుకు రావచ్చు. కొత్తగా మొదలైన వణుకును వయసు ఖాతాలో వేయకండి, వైద్యునికి చూపించండి.

కిట్ల పెట్టెల మీద నైపుణ్య స్థాయిని అంకెతో సూచిస్తారు. మొదటి కారుకు 1 లేదా 2 స్థాయి చాలు. ఇందులో భాగాలు నొక్కితే ఒకదానిలో ఒకటి బిగుసుకునే రకం ఉంటుంది. జిగురు అవసరం లేదు. మీబియస్ సంస్థ 1/25లో తెచ్చిన హడ్సన్ హార్నెట్ అందమైనదే గాని భాగాలు ఎక్కువ. దానిని రెండో కారుగా ఉంచుకోండి. పాత అచ్చులనే కొత్త పెట్టెలలో మళ్ళీ అమ్మడం కూడా ఉంది. అటువంటి వాటిలో అంచుల వెంట అదనపు ప్లాస్టిక్ మిగిలి, చాలాసేపు గీకవలసి వస్తుంది. ఏళ్ళ తరబడి నిలువ ఉన్న కిట్టులో నీటిలో నానబెట్టి అంటించే అంకెల కాగితం పసుపుబారి, నీళ్ళలో ముక్కలవుతుంది. స్టాక్ కారుకు అంకెలే అందం. కనుక ఆ కాగితం కొత్తదో కాదో ముందే తెలుసుకోండి.

ఊపిరి, రక్తం

ప్లాస్టిక్ జిగురు ప్లాస్టిక్‌ను కరగించి అతుకుతుంది. అందులోని ద్రావకాల ఆవిరి తలనొప్పిని, తలతిరుగుడును కలిగిస్తుంది. ఉబ్బసం, దీర్ఘకాలపు శ్వాసకోశ వ్యాధి ఉన్నవారు జిగురు అక్కరలేని, రంగు ముందే కలిపి పోతపోసిన కిట్టును ఎంచుకోవాలి. స్ప్రే రంగులకు దూరంగా ఉండాలి. మిగిలినవారు కిటికీలు తెరచి, నీటిలో కలిసే ఆక్రిలిక్ రంగులు వాడుకోవచ్చు. మండే స్వభావం గల జిగురును, రంగులను విమానంలో తీసుకురానివ్వరు. అవి ఇక్కడే కొనుక్కోండి.

రక్తం పలచబడే మందులు వాడేవారు, మధుమేహం వల్ల వేళ్ళలో స్పర్శ తగ్గినవారు కత్తికి బదులు చిన్న కట్టర్‌తో ముక్కలను వేరు చేయాలి. సూపర్ గ్లూ కంటిలో పడితే రెప్పలను బలవంతంగా విడదీయకండి. నీటితో కడిగి వెంటనే కంటి వైద్యుని వద్దకు వెళ్ళండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. మూడేళ్ళలోపు మనుమలు ఉన్న ఇంట్లో చిన్న ముక్కలను మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

ఇటువంటి పనివల్ల మతిమరుపు రాదని నేను హామీ ఇవ్వలేను. కాని ఆలోచన, చూపు, చేయి మూడూ ఒక్కచోట పనిచేసే గంట రోజుకొకటి ఉండడం మనసుకు మేలు. మనుమడో మనుమరాలో పక్కన కూర్చుంటే మేలు రెట్టింపవుతుంది. కిట్టు కొనే ముందు ఒకసారి కళ్ళ పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్ష ఖర్చు కిట్టు ఖరీదు కన్నా తక్కువే ఉంటుంది, దాని ఉపయోగం కారు పూర్తయిన తరువాత కూడా మిగులుతుంది.