చప్పిడిముక్కు ప్రయాణికుడు

మహాప్రస్థాన సమయంలో ఇంద్రుడు రథం తెచ్చి స్వర్గానికి రమ్మన్నప్పుడు, వెంట నడిచి వచ్చిన కుక్కను విడిచి ఎక్కనన్నాడు ధర్మరాజు. తిక్కన భారతంలోని ఈ ఘట్టాన్ని తరగతిలో ఎన్నోసార్లు బోధించినాను. దప్పికతో అలమటించే కుక్కను చూచి, బావిలోకి దిగి, తోలుమేజోడులో నీరు నింపి తెచ్చి త్రాపి, అల్లాహ్ క్షమాభిక్ష పొందిన మనిషి కథ సహీ బుఖారీ హదీసులలో ఉన్నది. దానినీ చెప్పినాను. అయినప్పటికీ పోయిన ఎండాకాలంలో ఒక కుక్క విషయమై ఆలోచన లేని సలహా ఇచ్చినాను.

సిర్గాపూర్‌లో నా పూర్వవిద్యార్థి ఒకడు నాయనమ్మ పెంపకంలో పెరిగినాడు. 2003లో వచ్చిన హచ్ టెలిఫోను ప్రకటనతో మన దేశమంతటా పేరుపడిన పగ్ జాతి కుక్క ఒకటి వారి ఇంట ఉన్నది. అతనికి ఢిల్లీలో ఉద్యోగం దొరికినది. మే నెలలో చేరవలెను. "సార్, దీనిని విమానంలో తీసుకపోవచ్చునా?" అని అడిగినాడు. "దానికేమి, డబ్బు కడితే సామానుతోపాటు క్రింది అరలో వేస్తారు. రెండు గంటల పని" అన్నాను.

అదృష్టవశాత్తు అతడు నా మాటతో ఆగక పశువైద్యుని వద్దకు వెళ్ళినాడు. ఆయన చెప్పినది విని నేను సిగ్గుపడినాను. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు; రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకొంటుంది. చప్పిడిముక్కు జాతులకు ముక్కురంధ్రాలు ఇరుకు. అంగుడి వెనుకభాగం పొడవై గాలికి అడ్డుపడుతుంది. ఎంత రొప్పినా వేడి దిగదు; రొప్పినకొద్దీ గొంతు వాచి ఊపిరి మరింత కష్టమవుతుంది. ఎండలో విమానం ఆగి ఉన్న వేళ, కొత్తచోటి బెదురు కూడా తోడైతే ప్రాణాపాయమే. నిద్రమందు ఇచ్చి పంపుదామనుకొనడం ఇంకా ప్రమాదం. అది శ్వాసను మందగింపజేస్తుంది. అమెరికా రవాణాశాఖ 2010లో వెల్లడించిన లెక్క ప్రకారం, 2005 మే నుండి ఐదేండ్లలో విమాన ప్రయాణాలలో మరణించిన 122 కుక్కలలో దాదాపు సగం ఈ జాతులవే. అందువలననే పెక్కు విమానసంస్థలు వీటిని క్రింది అరలోకి తీసుకొనవు.

ఇక మిగిలినది యజమాని కాళ్ళవద్ద, ముందు సీటు క్రింద ఉంచుకొనే పద్ధతి. 2022 నవంబరులో ఆకాశ ఎయిర్ సంస్థ ఈ సదుపాయం ప్రారంభించినప్పుడు పెట్టిన పరిమితి పెట్టెతో సహా 7 కిలోలు. మనవాని పగ్ ఒక్కటే 8 కిలోలు! అమెరికాలో 2018 మార్చిలో ఇట్టి చిన్న కుక్కను సీటు క్రింద కాక తలపై సామానుల అరలో పెట్టించగా, గమ్యం చేరేసరికి అది చనిపోయినది.

విమానమే తప్పనిసరి అయితే చలికాలం, తెల్లవారుజాము, మధ్యలో ఆగని ప్రయాణం మేలు. కుక్క లేచి నిలబడి, తిరిగి పడుకొనగల గాలిపెట్టె కావలెను. కొన్ని వారాల ముందునుండే అందులో పడుకొనడం అలవాటు చేయవలెను. వైద్యుని ధ్రువపత్రం, రేబిస్ టీకా కాగితం వెంట ఉండవలెను. తిండి తేలికగా కొన్ని గంటల ముందే పెట్టి, నీరు మాత్రం అందుబాటులో ఉంచవలెను.

మనవాడు ఇవన్నీ తూచి చూచి ఒంటరిగా వెళ్ళినాడు. మే నెల ఎండలో శంషాబాదు వరకు నూరు కిలోమీటర్లకు పైబడిన బాటయే దానికి గండమని గ్రహించినాడు. కుక్క నాయనమ్మ వద్ద ఉండిపోయినది. సాయంత్రం నేను ఆ ఇంటి ముందునుండి పోతుంటే అది గడపలో పడుకొని గురక పెట్టేది. "నా మనుమడు వచ్చిండనుకొని ప్రతి మోటరు చప్పుడుకు లేస్తది సారూ" అనేది ఆ ముసలమ్మ. డిసెంబరులో అతడు వచ్చి, రైలులో మొదటి తరగతి ఏసీ కూపే పూర్తిగా తీసుకొని, దానిని ప్రక్కన పెట్టుకొని ఢిల్లీ చేరినాడు. నెల జీతంలో పెద్దభాగమే ఖర్చయినది.

విద్యార్థి మిత్రులారా! కుక్కను విడిచి రథమెక్కనన్నవాడు ధర్మరాజు. కుక్క కొరకు రథాన్నే మానుకొన్నవాడు నా శిష్యుడు. ఊపిరాడుట లేదని చెప్పలేని జీవిని వెంట తీసుకపోయేవాడు దాని పక్షాన ముందుగా ఆలోచించవలెను. ఆ పాఠం నేను ఎన్నోసార్లు చెప్పినాను. నేర్చుకొన్నది మాత్రం శిష్యుని వద్దనే.